పెన్సిల్ గీత

అయినా ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది? పరిశోధన చేసుకునే పిల్ల ప్రశ్నలు అడగక ఏం చేస్తుంది? మొగుడి చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె అలాగే ఆగిపోయిందని చూసుకుని ఆమె చప్పున ఎత్తింది. కాలలేదు, నయం.

శుక్రవారం ఖాళీ పీరియడ్‌లో, స్టాఫ్‌రూమ్ బల్లకి అటు కూర్చుని అడిగిందా అమ్మాయి. బడులు నడిపే స్థానాల్లో ఆడవాళ్ళు ఎందుకు తక్కువగా ఉన్నారన్నది ఆ పిల్ల పరిశోధన.

"ఆరేళ్ళ కిందట హెడ్మిస్ట్రెస్ పదవి ఇస్తే మీరే వద్దన్నారట. ఎందుకు మేడమ్?"

"సొంత కారణాలు."

ఆ అమ్మాయికి నవ్వాగలేదు. "ఏమీ అనుకోకండి మేడమ్. మీతో కలిపి ముప్పైనలుగురిని అడిగాను. ముప్పైఒక్క మంది ఇదే మాట. అందరివీ సొంత కారణాలే, మళ్ళీ అందరివీ ఒకటే!"

రెండు రోజులుగా ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది. సొంతమంటే ఎవరి సొంతం? గుర్తు చేసుకోబోతే కారణం గుర్తు రావడం లేదు, ఆ పదవి ఇస్తామంటూ అప్పుడొచ్చిన కాగితం మాత్రం గుర్తొస్తోంది. అందులో రెండు వాక్యాలు. "అంగీకరిస్తున్నాను." "అంగీకరించడం లేదు." అక్కర్లేనిది కొట్టేయాలి. మొగుడు ఆఫీసులో ఫైళ్ళు చూసే మనిషి, ఏ కాగితమూ తప్పు పోనివ్వడు. మొదటి వాక్యం మీద స్కేలు పెట్టి సన్నగా పెన్సిల్ గీత గీసి ఇచ్చాడు. "అది కుర్చీ కాదే, కుంపటి. నీ మంచికే చెప్తున్నా." అత్తగారు మంచం మీంచే అందుకుంది. "ఒక్క ఇంటికే చాలట్లేదు నువ్వు, ఇంకో మూడొందల మంది పిల్లలు కూడానా అమ్మాయ్?" పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. చిన్నపిల్లలు అక్షరాలు దిద్దినట్టు ఆ గీత మీదే పెన్నుతో దిద్దేసి, పరుగున పోయి పాలు దించింది. అంతే, అయిపోయింది.

తన తర్వాత ఎనిమిదేళ్ళకు ఉద్యోగంలో చేరినతను హెడ్మాస్టరుగా వచ్చాడు. టైంటేబుల్ ఆమెదే. ఎవరైనా రాకపోతే ఆ క్లాసుకి ఎవరిని పంపాలో చూసుకోవడం ఆమెదే. కేకలేసే తల్లిదండ్రులకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టడం, కొత్త టీచర్ల క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని పాఠం విని సలహా చెప్పడం, అవీ ఆమెవే. పైఅధికారులు వచ్చినప్పుడల్లా హెడ్మాస్టరు నోరారా పొగిడేవాడు. "మా మేడమ్ ఈ బడికి అమ్మ లాంటివారండీ." అందరూ చప్పట్లు కొట్టేవారు. అమ్మ అన్నాక ఇక అధికారం మాట ఎవరెత్తుతారు? ఆమె కూడా నవ్వేది. అదే ఇప్పుడు సిగ్గనిపిస్తోంది.

నిజం చెప్పుకోవాలంటే ఆ నవ్వులో హాయి కూడా ఉండేది. ఏది చెడినా చెడ్డపేరు హెడ్మాస్టరుకి, ఏది బాగుపడినా మంచిదన్న మాట తనకి. మొగుడు వద్దన్నాడన్న చాటున తన భయం కూడా చల్లగా కూర్చుంది ఇన్నాళ్ళూ. ఆయన చెడ్డవాడైతే ఎంత తేలికయ్యేది! పోట్లాడి ఉండేది. ఆయన మంచివాడు. ఆ మంచితనం ప్రతిసారీ ఆమెకంటే ఒక అడుగు ముందే ఉంటుంది.

ఇప్పుడు ఆ హెడ్మాస్టరుకి బదిలీ అయింది. మళ్ళీ అదే కాగితం వచ్చింది. రేపే ఆఖరు రోజు. రెండోసారి కాదంటే మరి జన్మలో అడగరు.

మొగుడు ఆ కాగితం పట్టుకుని గదిలోకి వచ్చాడు.

"ఇదిగో, గీత పెట్టి ఉంచా. పైన దిద్దెయ్యి. పొద్దున్నే ఆఫీసుకెళ్తూ నేనే ఇచ్చేస్తా, నీకెందుకు తిప్పలు."

"నేను వద్దంటానని మీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలేంటి? ఇరవై ఏళ్ళ కాపురం. నీ మనసు నాకు తెలీదూ?"

తెలుసు, అనుకుందామె. తాను ఏళ్ళుగా చూపిస్తూ వచ్చిన మనసు ఆయనకు బాగానే తెలుసు. లోపలున్న రెండో మనసుని ఆమె తనకే సరిగ్గా చూపించుకోలేదు.

"హాల్లోంచి వింటూనే ఉన్నానర్రా," అంది అత్తగారు. "రేపట్నుంచి నాకు మాత్రలెవరిస్తారో అది కూడా ఆ కాగితంలోనే రాయమను."

"మీ అబ్బాయి ఇస్తారత్తయ్యా. కాగితాలే తప్పు పోనివ్వరు, మాత్రలు తప్పు పోనిస్తారా?"

అత్తగారు కిసుక్కున నవ్వి, అంతలోనే దగ్గులోకి మార్చుకుంది. ఆయన నవ్వలేదు. "వేళాకోళాలు తర్వాత. ముందిది చూడు," అన్నాడు.

ఆమె ఇస్త్రీపెట్టె ఆపింది. బడి సంచీ తెచ్చుకుని, సుద్దముక్కల అడుగునుంచి రబ్బరు వెతికి తీసింది. గీత మీద రుద్దింది. గట్టిగానే గీశాడు, జాడ పోలేదు. మళ్ళీ రుద్దింది.

"ఏంటది? చిరుగుతుంది! ముద్ర పడ్డ కాగితం!"

"చిరగదు లెండి."

రబ్బరు పొట్టు ఊదేసింది. రెండు వాక్యాలూ శుభ్రంగా కనిపించాయి. చాలాసేపు రెంటినీ చదివింది. ఆయన స్కేలు అందించబోతే అక్కర్లేదన్నట్టు తలూపి, పెన్ను మూత తీసి, "అంగీకరించడం లేదు" అన్న రెండో వాక్యాన్ని తన చేత్తోనే కొట్టేసింది.