అతిథి వాటా

పొద్దున్నుంచీ బురుల్ కాలుగాలిన పిల్లిలా గుడారాల చుట్టూ తిరుగుతూనే ఉంది. గడ్డిలో రంగుకాగితం ముక్క కనిపిస్తే చాలు, గబుక్కున వంగి ఏరి జేబులో కుక్కుకుంటోంది. ఆ కంగారు చూసి కట్టేసిన గుర్రాలకే విసుగొచ్చి ఉంటుంది.

కంగారు ఎందుకుండదు మరి? రాజధాని బిష్కెక్ నుంచి నెస్తాన్ అనే ఆవిడ వస్తోంది. విదేశీయుల్ని కొండల మీదికి పంపే కంపెనీ మనిషి. ఈ గుడారాలు నేలకీ నీటికీ హాని చెయ్యని విడిది అని ఆవిడ ఒప్పుకుంటే వేసవంతా అతిథులే. ప్లాస్టిక్ కంటపడిందా, అంతే సంగతులు. ఆ తర్వాత విడిది మూసుకోవడమే, మొగుడు మైరంబెక్ మళ్ళీ మాస్కో వెళ్ళి ఇటుకలు మొయ్యడమే. పోయినసారి వెళ్ళి నడుం విరగ్గొట్టుకుని వచ్చాడు. ఇంకోసారి పంపితే మనిషి దక్కడని బురుల్‌కి లోపల ఒకటే గుబులు.

ఉన్ని గుడారాలు, ఎండతో వెలిగే దీపాలు, పిడకల పొయ్యి, బూడిద చల్లుకునే మరుగుదొడ్డి, అన్నీ కుదిరాయి. కుదరనిదల్లా అత్తగారే.

“ఆ పూల పూల ప్లాస్టిక్ గుడ్డ ఎక్కడ దాచావే?” అంది తుర్సున్, నడుం మీద చెయ్యేసుకుని. “ఇంటికొచ్చిన మనిషికి వట్టి బల్ల మీద పెడతావా తిండి? నలుగురూ వింటే నవ్విపోతారు.”

“ఆవిడకి ప్లాస్టిక్ పడదు అత్తమ్మా. చెప్పానుగా.”

“పడకపోడానికి అదేమన్నా తినేదా? సరే, చాక్లెట్లేవి?”

“వాటికి మెరుపు కాగితాలున్నాయి. తీసేశాను.”

“అయితే నా బంగారు పన్ను కూడా మెరుస్తోంది. పీకి దాచెయ్!”

బురుల్‌కి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అత్తగారు చెడ్డమనిషేం కాదు. అతిథి ముందు ఉన్నవన్నీ పరవడమే ఆవిడకి తెలిసిన మర్యాద. పాపం, ఆ మర్యాదే ఇప్పుడు తప్పయి కూర్చుంది.

మధ్యాహ్నానికి జీపు దిగింది నెస్తాన్. కురచ జుట్టు, పట్నం బూట్లు, మాటలో మాత్రం పొగరు లేదు. ప్రతి గుడారంలోనూ దూరింది. పరుపులు ఎత్తి చూసింది. అంట్లు తోమిన నీళ్ళు ఎటు పోతాయని అడిగింది. అడిగినప్పుడల్లా బురుల్ మొగుడి వంక చూసింది, జవాబులు మైరంబెక్ అందుకున్నాడు. అన్నిటికీ ఆవిడ “ఊఁ” అనేదే తప్ప ఇంకో మాట లేదు. ఆ “ఊఁ”కి అర్థం ఏమిటో తెలిస్తే కదా!

భోజనాల దగ్గర కాస్త వాతావరణం తేలికపడింది. గొర్రెను కోశారు. అతిథికి ఇవ్వాల్సిన ముక్క అతిథికి పడింది. తుర్సున్ పులిసిన గుర్రంపాల కుమీస్ పోస్తూ తన పెళ్ళినాటి కబుర్లు చెబుతుంటే నెస్తాన్ పగలబడి నవ్వింది. హమ్మయ్య, గండం గడిచిందనుకుంది బురుల్. ఇల్లలకగానే పండగవుతుందా?

నెస్తాన్ లేవబోయింది. “ఆగు తల్లీ, నీ వాటా,” అంటూ తుర్సున్ ఒక చేత్తో మిగిలిన మాంసం పోగుచేసి, రెండో చెయ్యి గౌను జేబులో పెట్టింది. కరకరమని చప్పుడు. చక్కగా కడిగి, ఆరబెట్టి, మడిచిన ప్లాస్టిక్ సంచీ బయటికొచ్చింది.

బురుల్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. విందుకెళ్ళిన ప్రతి మనిషీ తన వాటా అలాంటి సంచీలోనే ఇంటికి పట్టుకెళ్తాడు ఆ కొండల్లో. వాటా లేకుండా అతిథిని పంపితే ఇంటి సిరి, బరకత్తు కూడా గడప దాటుతాయంటారు. బురుల్ చిన్నప్పటినుంచీ అట్లాంటి సంచీలు ఎన్ని మోసిందో! గడ్డిపరకల మధ్య కాగితాలు ఏరిందే గానీ, ఆ సంచీ కూడా ప్లాస్టిక్కేనని ఆమె బుర్రకి తట్టనేలేదు. ఆమె దృష్టిలో అది సంచీ కాదు, వాటా.

నెస్తాన్ చూపు సంచీ మీద ఆగింది. తర్వాత బురుల్ మీదికి తిరిగింది.

ఇక బురుల్‌కి ఒళ్ళు తెలియలేదు. మాస్కో, ఇటుకలు, మొగుడి నడుం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఒక్క అంగలో వెళ్ళి అత్తగారి చేతిలోంచి సంచీ లాగేసింది.

“బురుల్!” అన్నాడు మైరంబెక్. అతిథి వాటాకి అడ్డుపడి పెద్దావిడ చేతిలోంచి లాక్కోవడం! పగవాళ్ళు కూడా చెయ్యని పని.

తుర్సున్ మాంసం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కొవ్వు మణికట్టు మీదుగా కారుతోంది. కోడలి వంక చూసింది. కోపం లేదు, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. మాంసం పళ్ళెంలో పెట్టి, చేతులు తుడుచుకుని, తలకి కట్టుకున్న తెల్లగుడ్డ విప్పింది. ఆ తల్లి గుడ్డలేని తల కన్నకొడుకు కూడా ఎన్నడూ చూసి ఎరగడు. మగాళ్ళు కత్తులు దూసుకుంటుంటే మధ్యలో పెద్దావిడ అలాంటి తెల్లగుడ్డ విసిరితే కత్తులు దిగిపోవలసిందే, అంత విలువ దానికి. ఆ గుడ్డ పరిచి, అందులో మాంసం పెట్టి, గట్టిగా ముడేసి, వాటా అతిథి చేతిలో పెట్టింది. మైరంబెక్ తల దించుకున్నాడు.

నెస్తాన్ రెండు చేతులా అందుకుంది. కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. “ఎంత బాగుందమ్మా!” అంది. బురుల్ వైపు తిరిగి, “మీ విడిది ఖాయం. ఒక్కటే మాట, మా వాళ్ళు ఎవరొచ్చినా ఇలాగే తెల్లగుడ్డలో కట్టివ్వండి. వాళ్ళు జన్మలో మరిచిపోరు,” అంది.

బురుల్ తలూపింది. ఇన్నాళ్ళూ ఏ మాట కోసం మొక్కుకుందో ఆ మాట వచ్చింది. ఆనందం మాత్రం రాలేదు.

జీపు గట్టు దాటాక లోపలికి పరిగెత్తింది. తుర్సున్ పొయ్యి పక్కన కూర్చుని ఉంది. పలచబడ్డ నెరిసిన జడలు, వాటిని అరచేత్తో కప్పుకోవాలని చూస్తోంది, చెయ్యి చాలడంలేదు. బురుల్ ఏడుస్తూ తన తలగుడ్డ విప్పి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూలబడింది.

“తప్పయిపోయింది అత్తమ్మా. ఇది కట్టుకోండి.”

తుర్సున్ ఆ గుడ్డను అందుకుంది. నెమ్మదిగా మడిచింది. మళ్ళీ కోడలి చేతిలోనే పెట్టింది.

“ఉంచుకో తల్లీ. రేపు ఇంకొకళ్ళు వస్తారుగా, వాళ్ళకి దేంట్లో కడతావు?”