బొటనవేలి కింది చోటు

నేను ఒక ఎర్ర బటన్‌ని. విజయవాడలో ఒక ఆసుపత్రి వాళ్ల మొబైల్ యాప్‌లో ఉంటాను. నన్ను నొక్కితే ఇంటికి అంబులెన్స్ వస్తుంది.

నన్ను గీసిన హిమజ ఫోన్‌ను ఒంటిచేత్తో పట్టుకుని, కళ్లు మూసుకుని, బొటనవేలు వాలిన చోటే నన్ను కూర్చోబెట్టింది. "కంగారులో ఎవరూ చదవరు. చెయ్యే వెతుక్కుంటుంది" అంది. అదే నిజమైంది. భవానీపురంలో సుగుణమ్మ భర్తకు గుండె నొప్పి వచ్చినప్పుడు ఆవిడ కళ్లజోడు లేకుండానే నన్ను నొక్కింది. బండి వెళ్లింది, మనిషి బతికాడు.

తర్వాత యాప్ పెత్తనం శశిధర్ చేతికొచ్చింది. తెర చూడగానే మొహం చిట్లించాడు.

"ఇంత మంచి చోట అంబులెన్సా? హెల్త్ ప్యాకేజీ పెట్టండి."

"జనానికి అలవాటైన చోటు సార్, మారిస్తే తడబడతారు" అని హిమజ మొత్తుకుంది. వింటేనా! నా ఎరుపు తుడిచేసి బూడిదరంగు పూశారు. పై మూలనున్న మూడు గీతల మెనూ వెనక, 'ఇతర సేవలు'లో, పార్కింగ్ వివరాల కిందికి నన్ను తోసేశారు. నా చోట్లో ప్యాకేజీ బటన్ కులుకుతూ కూర్చుంది. నా ఒళ్లు మండిపోయింది.

సుగుణమ్మ భర్తకు మళ్లీ నొప్పి వచ్చింది. ఆవిడ వేలు తిన్నగా పాత చోటికే వెళ్లింది. నొక్కి, గుమ్మంలో నిలబడింది. బండి రాలేదు, ఫోన్ వచ్చింది.

"నమస్తే మేడమ్! మా ప్యాకేజీ ఎంచుకున్నందుకు థాంక్స్. పరీక్షలు ఎవరికండీ?"

"మా ఆయన పోతున్నాడమ్మా, బండి పంపండి!"

ఫోన్ చేసిన అమ్మాయి బిత్తరపోయి ఎవరికి చెప్పాలో తేల్చుకునేలోపు పక్కింటివాళ్లే ఆయన్ను ఆటోలో ఎక్కించారు. ప్రాణం దక్కింది. ఆలస్యానికి గుండె మాత్రం బాగా దెబ్బతింది. ఇప్పుడాయన గదిలోంచి వరండాలోకి నడిచినా ఆయాసపడతాడు.

సుగుణమ్మ ఊరుకోలేదు. యాప్ ఆఫీసుకు వచ్చి, తన ఫోన్ శశిధర్ చేతిలో పెట్టింది.

"మీవాళ్లకే ప్రాణం మీదికొచ్చిందనుకో బాబూ. బండిని పిలు."

అతను గీతలు నొక్కాడు, వెనక్కొచ్చాడు, మళ్లీ నొక్కాడు. పార్కింగ్ వివరాలు తెరుచుకున్నాయి.

"నువ్వు కట్టిన ఇంట్లో నీకే దారి తెలీదా?" అందావిడ.

శశిధర్ తల దించుకున్నాడు. "సరే హిమజా, పాత చోటికే మార్చండి. ఒక నెల చూద్దాం. నొక్కేవాళ్లు తక్కువైతే తీసేద్దాం."

తక్కువైతేనా! నన్ను నొక్కే అవసరం ఏ ఇంటికీ రాకూడదని కోరుకోవాలి గానీ, ఇదేం బుద్ధి! నోరుంటే కేకలేసేదాన్ని. నా బదులు హిమజే అడిగింది.

"ఎన్ని ఇళ్లలో ప్రాణం మీదికొస్తే ఉంచుతారు సార్?"

సుగుణమ్మ కుర్చీ ముందుకు లాక్కుని, జవాబు కోసం కూర్చుంది.