ఇద్దరు లాగే రంపం

నేను ఒక రంపాన్ని. వడ్రంగి ఒంటిచేత్తో ఆడించే బుల్లి రంపాన్ని కాదు. రెండు కొసలా రెండు పిడులుండి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి లాగితే తప్ప కదలని బారెడు రంపాన్ని. ఆ ఇంటికి శుభవార్త వచ్చిన పూట నేను కట్టెల కొట్టంలో మేకుకు వేలాడుతూ, పళ్ళకు పట్టిన తుప్పును తలుచుకుని దిగులుపడుతున్నాను.

"ఇవాళ్టి నుంచి రోజూ ఓ గంటసేపు పెరట్లోకి రావచ్చు" అని కాపలా సిపాయిల పెద్ద, కమాండెంటు, వరండాలో నిలబడి చదివాడు. "కావాలంటే కట్టెలు కోసుకోవచ్చు."

లోపల ఎవరో చప్పట్లు కొట్టారు. అవి పద్దెనిమిదేళ్ళ తాస్యావి. జార్ చక్రవర్తికి దాయాది అయిన గ్రాండ్ డ్యూక్ వాదిమ్ గారి ఒక్కగానొక్క కూతురు. విప్లవం వచ్చి సింహాసనం కూలాక వాదిమ్ గారినీ, ఆయన భార్య జినాయిదానూ, ఈ పిల్లనూ ఉరల్ కొండల పక్కనున్న మా ఊరికి తెచ్చి, పంచదార వ్యాపారి వదిలి పారిపోయిన ఇంట్లో కాపలా పెట్టారు. చలికాలమంతా కిటికీ అద్దాలకు సున్నం కొట్టి ఉంచారు. బంగారు పళ్ళేల్లో తిన్నవాళ్ళు గంటసేపు ఆకాశం చూడనిస్తామంటే చప్పట్లు కొట్టారు! మనుషుల సంతోషానికి కొలబద్ద ఎక్కడుంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

నన్ను చేసింది ఒక మసిబారిన కమ్మరి. నా పళ్ళను ఒకటి కుడికీ ఒకటి ఎడమకూ వంచి, "ఇక కోసుకు బతుకు" అని దీవించి అమ్మేశాడు. మొదట నన్ను కొన్నది కట్టెలు కొట్టే అన్నదమ్ములు. పొలం గట్టు దగ్గర తగాదాపడి ఏళ్ళ తరబడి మాటలు మానేశారు గానీ, నన్ను లాగడం మానలేదు. మాటల్లేని కోత ఎంత నున్నగా వస్తుందో వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. తర్వాత పంచదార వ్యాపారి కొనుక్కుని, ఒక్కసారైనా ముట్టుకోకుండా మేకుకు తగిలించాడు. అక్కడి నుంచి దింపింది తాస్యా.

మొదటిరోజు వాదిమ్ గారు ఒక పిడి పట్టుకున్నారు, జినాయిదా రెండోది. కత్తెర కాళ్ళ బల్లమీద సన్నపాటి దుంగ పెట్టారు. ఆయన తోశారు. జీవితమంతా ఆజ్ఞలిచ్చిన మనిషి, తోయడమే తెలుసు పాపం. నేను విల్లులా వంగి కీచుమన్నాను. ప్రహరీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్న కాపలావాడు యెఫీమ్ పొట్టు ఊసి పగలబడి నవ్వాడు.

"రాజావారూ, దాని నడుం విరుగుతుంది! రాజ్యాన్ని కూడా ఇలాగే తోశారా ఏంటి?"

వాదిమ్ గారి చెవులు ఎర్రబడ్డాయి. జినాయిదా మాత్రం ఆయన పట్టుకున్న పిడి వైపు తేరిపార చూసింది.

"మీరు తోస్తున్నారు. తోయకండి, లాగండి. నా వంతు వచ్చినప్పుడు ఊరికే పట్టుకుని ఉండండి."

"ఊరికే ఉండడం నాకు చేతకాదు."

"ఆ సంగతి నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు లెండి."

తాస్యా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె యెఫీమ్‌తో చెబుతుంటే విన్నాను. పీటర్స్‌బర్గ్‌లో వాళ్ళ భవనానికి వంద గదులట. తూర్పు కొసన ఆయన, పడమటి కొసన ఈవిడ. ఒకరి సంగతి ఒకరికి నౌకర్లు చెప్పాల్సిందేనట. ఆ దంపతులను విడదీయడానికి అప్పట్లో ఏ విప్లవమూ అవసరం పడలేదు.

వసంతం ముదిరేసరికి నేను పాడసాగాను. ఆమె లాగితే ఆయన వదులు, ఆయన లాగితే ఆమె వదులు. రంపపు పొట్టు వెచ్చగా రాలేది. ఆయన గడ్డంలో చిక్కుకున్న పొట్టును ఆమె ఒక్కో రవ్వా ఏరుతుంటే, చక్రవర్తి వంశంలో పుట్టిన మనిషి గొర్రెపిల్లలా మెడ చాచి నిలబడేవాడు. ఆమె అరచేతులు బొబ్బలెక్కితే ఆయన తన పట్టు రుమాలు చింపి కట్టాడు. నిప్పుల్లో కాల్చిన బంగాళాదుంపను చెరి సగం తినేవాళ్ళు. యెఫీమ్ గొణుక్కుంటూనే ఉప్పు తెచ్చిచ్చేవాడు. ఎప్పుడు మారిందో నేను గమనించనే లేదు, వాళ్ళ మధ్య 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

ఒకరోజు యెఫీమ్ గింజలు నమలకుండా వచ్చాడు. "ఇలా కాపలాలో ఉన్న ఇళ్ళ నుంచి మగవాళ్ళను ఒంటరిగా ఉత్తరానికి పంపిస్తున్నారమ్మా. ఈ ఇంటి వంతు ఎప్పుడో" అన్నాడు తల దించుకుని. ఆ రోజు నుంచి ఆ పెరట్లో ఒకటే భయం, విడదీస్తారని. ఇద్దరూ వెతికి వెతికి అన్నిటికన్నా లావు దుంగలే ఎంచుకునేవారు. కోత ఎంత ఆలస్యమైతే అంత మేలని నన్ను మెల్లగా, ఎంతో మెల్లగా లాగేవారు. అంత గారాబంగా నన్ను ఎవరూ వాడలేదు.

ఇప్పుడు నేను మ్యూజియంలో గాజు వెనుక ఉన్నాను. 'ఆ కుటుంబం చివరిగా నివసించిన ఇంట్లో దొరికినది' అని నా కింద చీటీ ఉంది. చూడవచ్చినవాళ్ళు పక్క గదిలోని పతకాల దగ్గరకు పరిగెత్తుతారు. పోనీలెండి. ఆఖరి సాయంత్రం మాత్రం చెప్పి ఊరుకుంటాను.

మేం బిర్చ్ చెట్టు దుంగలో సగానికి దిగి ఉన్నాం. కమాండెంటు వచ్చి కాగితం చదివాడు. పొద్దున్నే వాదిమ్‌ను బండిలో ఉత్తరానికి తీసుకెళ్తారు. భార్యకూ కూతురికీ విడుదల. దక్షిణాన ఉన్న తాస్యా పిన్నిగారింటికి వెళ్ళవచ్చు.

"జినా, బయటపడ్డావు!" అన్నాడు వాదిమ్. నవ్వబోతే పిడి మీంచి చెయ్యి జారింది.

"లాగు" అంది ఆమె.

"వినబడలేదా? నువ్వూ తాస్యా..."

"వినబడింది. నీ వంతు, లాగు."

లాగాడు. ఆమె లాగింది. దుంగ రెండై నేలమీద పడేదాకా ఇద్దరూ ఆగలేదు. అప్పుడు ఆమె కూతురి వైపు తిరిగింది. ఒకసారి కూతురిని, ఒకసారి భర్తను చూసింది. తాస్యా కళ్ళు తుడుచుకుని తల్లి శాలువా సర్దింది.

"నువ్వు నాతో వస్తే దారంతా వెనక్కే చూస్తూ కూర్చుంటావమ్మా. నీ మెడకు తైలం రాయడమే నా పని అవుతుంది. నాన్నతో వెళ్ళు. పిన్ని దగ్గర నేను బాగానే ఉంటాను." ఆపై తల్లిని గట్టిగా వాటేసుకుంది.

వాదిమ్ కోప్పడ్డాడు. బతిమాలాడు. ఇరవై ఏళ్ళుగా చేసినట్టే ఆజ్ఞాపించి చూశాడు. ఆమె ఆయన గడ్డంలోంచి పొట్టు రవ్వ ఒకటి తీసి ఊదేసింది.

కమాండెంటు టోపీ తీసి చేతిలో నలిపాడు. "అమ్మా, ఆలోచించుకోండి. అక్కడికి వెళ్ళినవాళ్ళు..." మాట మింగేశాడు. ఆ మింగిన మాట ఆమెకు అర్థమైంది. నాకూ అర్థమైంది.

ఆమె నన్ను జాగ్రత్తగా గోడకు ఆనించి, చేతులు దులుపుకుని, ఆయన పక్కన వచ్చి నిలబడింది.

"రేపు పొద్దున టీ తాగి బయల్దేరతాం. బండిలో ఎండుగడ్డి కాస్త ఎక్కువ పరిపించండి. ఇద్దరం కూర్చోవాలి."