తోక దగ్గర ఇంజను

ఆ చిన్న రైల్వే మామగారిది. దానికి ఇంజన్లు గీసేది అల్లుడు. పిల్లనిచ్చిన మామకు ఎదురు చెప్పలేక, చెప్పకుండా ఊరుకోలేక, అతను కొన్నేళ్లుగా రెంటికీ చెడుతున్నాడు.

అతను మొదట గీసిన ఇంజను నిక్షేపంగా నడిచేది. మామగారికి అది కుంపటిలా కనిపించింది. దానికి ఒకటిన్నర రెట్లు ఉన్న రెండో ఇంజను వచ్చింది. కొండ దారిలో బొగ్గు బండిని ఎక్కించాలంటే ఆ రెండూ కలిసి లాగాలి. ఒక్క బండికి రెండు ఇంజన్లేమిటి, రెండూ కలిసినంత ఒక్కటే చెయ్యమన్నారు మామగారు. పొరుగు కంపెనీ ఇంజనుకు పది చక్రాలట. మనదానికి పదహారుండాలట.

అంత పొడుగుది మలుపు తిరగాలంటే చక్రాలను రెండు గుంపులు చేసి నడుమ కీలు పెట్టాలి. తిప్పలుపడి అదీ కుదిర్చాడు అల్లుడు. కానీ పెట్టెకూ పెట్టెకూ మధ్య తగిలించే కొక్కేలు పాతకాలపువి. ఇంత పెద్ద ఇంజను లాగితే తెగుతాయి, ముందు వాటిని మార్పిద్దామని మొత్తుకున్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే కొక్కేల గొడవేమిటని మామగారు కొట్టిపారేశారు.

ఇంజను తయారైంది. మామగారు బొగ్గు బండికి మామూలుకన్నా చాలా పెట్టెలు తగిలించి, దానికి కట్టించారు. రెండో మలుపు దగ్గర కొక్కెం ఫట్టుమంది. నాలుగు పెట్టెలతో ఇంజను ముందుకు పోయింది. మిగతా బండిని, వెనక పెట్టెలో ఉన్న గార్డు బ్రేకులు బిగించి ఆపాడు. కొక్కెం తుప్పుపట్టి ఉంటుందని మామగారు దాన్ని మార్పించారు. మర్నాడు ఇంకో పెట్టెది తెగింది. ఆ మర్నాడు బండి యార్డు కూడా దాటలేదు. ఆయన డ్రైవర్ని తిట్టి, కమ్మరిని తిట్టి, చివరికి అందరిముందూ అల్లుడి మీదికి తిరిగారు.

“నిన్ను ఇంజను గియ్యమన్నానా, కత్తెర గియ్యమన్నానా?”

బండి కొండెక్కలేదు గానీ, అతని ఓపిక మాత్రం ఆ పూట కొండెక్కింది. తిన్నగా ఇంటికి పోయాడు.

సాయంత్రం మామగారు భోజనానికి వచ్చారు. అల్లుడు అప్పటికి కాస్త చల్లబడి, ఉన్న ఒక్క ఉపాయమూ చెప్పాడు. ముందు పాత చిన్న ఇంజను లాగుతుంది, పెద్దది వెనకనుంచి తోస్తుంది. సగం బరువు తోపుడు మీద పోతే కొక్కేలు నిలుస్తాయి.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “తల తీసుకెళ్లి తోక దగ్గర పెడతావా? అంత ఇంజను చేయించింది గార్డు పెట్టెను నెట్టడానికా?”

“నెట్టడానికే, మావయ్యగారూ.”

ఆయన లేవబోయారు. ఇన్నాళ్లూ నాన్నకూ మొగుడికీ మధ్య నలిగిన కూతురు గరిటె కింద పెట్టేసింది.

“నాన్నా, ఒక్కసారి ఆయన చెప్పినట్టు చూడండి. కుదరకపోతే మీతో కలిసి నేనూ తిడతాను. ఇంజను గోల లేకుండా ఈ ఇంట్లో ఓ ముద్ద తిని ఎన్నాళ్లయిందో మీకెవరికైనా గుర్తుందా?”

ఎవరికీ గుర్తులేదు. ఒక్కసారే అంటూ మామగారు మళ్లీ కంచం ముందు కూర్చున్నారు.

బండి బయల్దేరిన రోజు అల్లుడు వెనక ఇంజనులో నిలబడ్డాడు. ముందేం జరుగుతోందో కనిపించదు. ప్రతి మలుపు దగ్గరా ఆ ఫట్టుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. రాలేదు. కాళ్లకింద పదహారు చక్రాలూ పట్టు తప్పకుండా తోస్తూనే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ ఇంజన్ని తిట్టుకోవడంలో పడి అది తను గీసిందేనన్న సంగతి మరిచిపోయాడతను. ఎంత బాగా గీశానని తనలో తనే అనుకున్నాడు. మరొకళ్లెవరూ అనలేదు మరి.

కొండమీది స్టేషన్లో మామగారు కాచుకుని ఉన్నారు. ముందొచ్చిన చిన్న ఇంజన్ని, పిలవకుండా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశారు. తరవాత బండి పొడుగునా నడిచి చివరికొచ్చి, పెద్ద ఇంజను మీద చెయ్యి వేశారు. బాగుందని అనలేదు.

“కొక్కేలన్నీ మార్చాలంటే ఎంతకాలం?”

“ఐదారేళ్లు.”

“అయితే ఈలోగా ఇంకొంచెం పెద్దది గీసెయ్యొచ్చు.”

అల్లుడు ఆయన మొహంలోకి చూశాడు. వేళాకోళం కాదు. తిరుగుదారిలో తను ప్రయాణించే పెట్టెలో కూర్చుని మాట్లాడుకుందాం రమ్మన్నారు కూడా. పొగే నయమని చెప్పి, అతను మళ్లీ ఇంజనెక్కాడు.