వంటగది ఉన్న ఇల్లు

"హోటళ్ళూ గీటళ్ళూ వద్దు. వంటగది ఉన్న ఇల్లు చూడు. ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది," అన్నాడు భర్త, రెండోసారి అన్నానికి కంచం ముందుకు జరుపుతూ.

ఆమె వడ్డించింది. సెలవుల్లో అందరూ కలిసి ఆ మహానగరం చూసి రావాలన్న మాట కొన్నాళ్ళుగా ఆ ఇంట్లో నానుతోంది. అందరూ అంటే భార్యాభర్తలు, కాలేజీలో చదివే కూతురు, అత్తగారు, దగ్గరి ఊళ్ళో ఉండే ఆడపడుచూ ఆవిడ భర్తా. ఎక్కడెక్కడ తిరగాలో భర్త చెప్పాడు. ఎక్కడ ఫోటోలు బాగా వస్తాయో కూతురు చెప్పింది. మెట్లు లేని చోట్లు చూడమని అత్తగారు చెప్పింది. చెప్పేవాళ్ళకి కొదవ లేదు, వెతికి కుదిర్చే పని మాత్రం ఆమెది. బయటి తిండి తనకి అరగదన్న సంగతి అత్తగారు మరోసారి గుర్తుచేసింది. నీ కోడలి చేతి వంట ముందు హోటలు వంటా ఒక వంటేనా అని భర్త తల్లికి ధైర్యం చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో ఆ మాటకి ఆమె మురిసి ముక్కలయ్యేది. ఆ పొగడ్త ఎంత బరువో, ఊరూరా మోసుకు తిరిగితేగానీ తెలిసిరాలేదు.

నిజంగా మోసింది. ఏ ఊరు బయల్దేరినా ఆమె మొదట సర్దేది కుక్కర్. దాన్ని తువ్వాలులో చుట్టి, లోపల ఖాళీ పోనివ్వకుండా పొడుల డబ్బాలు కూరి, పిల్లదాని బట్టల మధ్య దోపేది. సముద్రం ఒడ్డున ఇల్లు తీసుకున్న ఏడాది వాళ్ళంతా పొద్దున్నే ఇసుకలోకి పరిగెత్తి, ఆకలి నకనకలాడుతుంటే తిరిగొచ్చేవాళ్ళు. సముద్రం ఎలా ఉందని ఎవరైనా అడిగితే, వంటింటి కిటికీలోంచి కనపడినంత మేరకు ఆమె చెప్పగలదు. ఫోటో తీసుకుందాం రమ్మని పిలిచేవాళ్ళు, పిలవకపోలేదు. పిలిచినప్పుడల్లా పొయ్యి మీద ఏదో ఒకటి ఉండేది. "అంత దూరం వచ్చి కూడా వంటింట్లోంచి కదలదు చూడు, అలవాటు!" అని భర్త తన చెల్లెలి మొగుడితో నవ్వుతూ చెప్పడం ఆమె విన్నది. అలవాటట.

మర్నాడు స్కూలు ఆఫీసులో సెలవు అడిగింది. ఆమె అక్కడ గుమాస్తా. ఫీజులు కట్టించుకోవడం, రసీదులు ఇవ్వడం, తల్లిదండ్రుల కేకలు భరించడం ఆమె పని. "మీకేం మేడమ్, ఆయన తిప్పుతున్నారు, మీరు తిరుగుతున్నారు," అన్నాడు హెడ్ క్లర్కు. మరి నేను లేనప్పుడు పని ఎవరు చూస్తారని ఆమే అడిగింది, అడక్కపోతే బాగుండదని. "ఎవరు చూస్తారు, దాన్నలాగే ఉంచుతాం. వచ్చాక చేసుకుందురుగాని," అన్నాడాయన ఎంతో ఉదారంగా.

మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకుంటున్నప్పుడు ఆమె ఫోను తీసి ఇళ్ళు వెతకడం మొదలుపెట్టింది. ఊరు పేరు కొట్టగానే వందల కొద్దీ వచ్చాయి. ఏ పేటలో కావాలని అడిగితే వేళ్ళు వాటంతటవే ఒక వీధి పేరు కొట్టాయి. ఆమె ఎన్నడూ ఎవరితోనూ అనని పేరు, కానీ మరిచిపోని పేరు. పెళ్ళికి ముందు ఆమె ఆ ఊళ్ళో, ఆ వీధిలో, ఉద్యోగం చేసుకునే ఆడవాళ్ళ హాస్టల్లో ఉండేది.

మూడో ఇల్లో నాలుగో ఇల్లో తెరిచింది. వంటగది ఫోటో. నల్లరాతి గట్టు, పొయ్యి, పొగ లాగే గొట్టం. గట్టు పైన వీధి వైపు కిటికీ, దాని నెత్తిన అర్ధచంద్రంలా అద్దాలు. అన్నీ తెల్లవి, ఒక్కటి ఆకుపచ్చది. పగిలిన అద్దం స్థానంలో మిగతావాటికి జోడు దొరక్క, చవగ్గా వచ్చిందని వార్డెనమ్మ తెచ్చి పెట్టించిన అద్దం. ఇప్పుడు దాన్ని "పాతకాలపు సొగసు" అని రాసుకున్నారు. ఆ పొయ్యి ఉన్నచోట అప్పట్లో మంచం ఉండేది. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయింది.

ఆ గదికి ఒకటే మంచం, ఇద్దరు మనుషులు. ఆమె పగలు కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేది. గదిలో తోడున్న నర్సుకు ఎప్పుడూ రాత్రి డ్యూటీ. ఒకరు లేచేసరికి ఇంకొకరు వచ్చి పడుకుంటారు గనక అద్దె చెరి సగం చెయ్యమని వార్డెనమ్మతో బేరమాడింది నర్సే. పొద్దున్నే మెట్ల మీద ఎదురుపడేవాళ్ళు. ఒకరికి నిద్రమత్తు ఇంకా దిగదు, ఇంకొకరికి అప్పుడే ఎక్కుతుంటుంది. "మంచం వెచ్చగా ఉంచావా?" అని నర్సు, "పెనంలా కాచి వచ్చాను, వెళ్ళి అట్టులా వాలు," అని ఆమె. ఆ మాత్రానికే మెట్లన్నీ మోగేలా నవ్వుకునేవాళ్ళు. కింది గది టీచరమ్మ తలుపు తీసి, ఆడపిల్లలు అలా నవ్వకూడదని రోజూ చెప్పేది. రోజూ నవ్వేవాళ్ళు.

దుకాణంలో ఆమె మనుషుల ముక్కుల మీద అద్దాలు మార్చి మార్చి పెట్టేది. ఇప్పుడు బాగా కనిపిస్తోందా? పోనీ ఇప్పుడు? మసకలోంచి అక్షరం తేలగానే వాళ్ళ మొహాలు విచ్చుకోవడం చూస్తే రోజంతా నిలబడ్డ కాళ్ళ నొప్పి కూడా గుర్తొచ్చేది కాదు. సాయంత్రం దుకాణం మూశాక తిన్నగా హాస్టలుకి వెళ్ళాలన్న నియమం లేదు. బస్సెక్కి తెలియని స్టాపులో దిగేది. నడుస్తూ తినేది, కాగితం పొట్లంలోంచి, వేళ్ళు నాక్కుంటూ. మంచి గొడుగొకటి కొనుక్కుంది, వానలో కావాలని బయల్దేరేది. సెలవు రోజున నర్సుతో కలిసి రైలు పట్టాల మీది వంతెనెక్కి, కటకటాలకి ఆనుకుని, వేడి టీలో రొట్టె ముంచుకు తింటూ, కింద పోయే ప్రతి రైల్లోనూ తామెక్కినట్టు ఊహించుకునేది. అన్నీ సుఖాలే కావు. నల్లులుండేవి, నీళ్ళు మధ్యలో ఆగిపోయేవి, రాత్రిపూట జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసేవాళ్ళుండేవాళ్ళు కాదు. ఒక్కోరోజు ఊరికే ఏడుపొచ్చేది. ఏడ్చి, మొహం కడుక్కుని, ఆకలేస్తే వెళ్ళి ఏదో ఒకటి కొనుక్కు తినేది. ఎందుకు ఏడ్చావని అడిగేవాళ్ళు లేకపోవడం కూడా ఒక హాయేనని అప్పుడు తెలియలేదు.

సంబంధం కుదిరిందని కబురొచ్చిన రోజు నర్సు డ్యూటీ ఎగ్గొట్టింది. ఇద్దరూ ఆ ఒక్క మంచం మీదే ఇరుక్కుని కూర్చున్నారు. "ఉద్యోగం అక్కడా దొరుకుతుందిలే" అని కాబోయే భర్త అన్నాడని ఆమె చెబితే, "ఉద్యోగం దొరుకుతుంది. వంతెన?" అంది నర్సు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఫోన్లు, మరికొన్నాళ్ళు శుభాకాంక్షలు. ఆపైన నర్సు ఏ దేశంలో ఏ ఆసుపత్రిలో రాత్రులు మేలుకుంటోందో ఆమెకు తెలియదు.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆ ఫోటో అందరికీ చూపించింది. ఎందుకు చూపించిందో తనకే తెలియలేదు. చూపించకుండా దాచుకుంటే ఏదో దొంగతనంలా తోచింది. భర్తకి బాగా నచ్చింది. మెట్రో దగ్గర, గదులు పెద్దవి, అన్నిటికీ మించి ఆ వంటగది! "చూశావా, వెతికితే దొరుకుతుంది. మన వంటింటికి రెండింతలుంది. నీ అదృష్టం," అన్నాడు.

"ఇది నేనుండిన గది," అంది ఆమె.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. "ఎప్పుడమ్మా? నాన్నతోనా?" అని అడిగింది కూతురు. పెళ్ళికి ముందు, ఒక్కదాన్నే, ఉద్యోగం చేసుకుంటూ అని చెబితే, ఆ పిల్ల తల్లిని ఎగాదిగా చూసింది, ఎవరిదో పాత ఫోటో చూసి పోలికలు వెతుకుతున్నట్టు. ఆమె ఇంకా చెప్పబోయింది. ఆకుపచ్చ అద్దం గురించి, దాని మీద పొద్దున ఎండ పడితే దుప్పటి మీద వాలే పచ్చటి మరక గురించి, దాన్ని తొక్కకుండా తను మంచం దిగడం, నర్సు ఎక్కడం ఒక ఆటగా ఉండటం గురించి.

"అయితే ఇంకేం," అన్నాడు భర్త, మనస్ఫూర్తిగా సంతోషిస్తూ. "నీ గదిలో నువ్వే వండుకోవచ్చు. రేపే ఖాయం చేసెయ్."

అత్తగారు కూడా నవ్వింది. "అంతేలే, అమ్మాయిగా ఉన్న చోటికి ఇల్లాలిగా వెళ్తోంది."

ఎవరి మాటలోనూ విషం లేదు. అదే చిక్కు. విషం ఉంటే కక్కేయొచ్చు. ఈ మాటలు చక్కెరలా కరిగి లోపలికి దిగిపోతాయి, ఇన్నేళ్ళూ అలాగే దిగాయి. వాళ్ళు చూస్తున్నది గట్టునీ పొయ్యినీ. ఆ మంచం వాళ్ళకి కనిపించదు. తనకేమో అది తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. ఆ ఇంటికి వెళ్ళాలని ఉంది, ప్రాణం లాగేంతగా ఉంది. వెళ్తే ఆ పొయ్యి ముందు నిలబడి ఆరుగురికి వండాలి. ఆ తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆ గదిలో తన మంచం ఉండదు, గిన్నెలే ఉంటాయి. ఉన్న ఒక్క గదీ అలా పోతుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఆడపడుచు ఫోన్ చేసింది. ఇంట్లో అందరూ ఆవిడని చిన్నమ్మాయ్ అంటారు, ఆవిడకి ఇద్దరు పిల్లలు పెళ్ళీడుకొచ్చినా. అన్నయ్య పంపిన ఫోటో చూసిందట. "వదినా, ఆ వంటగది చూస్తే నాకు కడుపు నిండిపోయిందనుకో. నేను మాత్రం గరిటె ముట్టుకోను, ముందే చెబుతున్నా. మా ఇంట్లో రెండు పూటలా వండి వండి చేతులు పడిపోతున్నాయి. నువ్వు పెడుతుంటే కూర్చుని తింటా. పుట్టింటికొచ్చినట్టుంటుంది నాకు."

ఆమెకి కోపం రావాలి. రాలేదు. ఆ గొంతులో అలసట తనదే. పొద్దున అద్దంలో చూసుకున్న మొహం ఫోనులో మాట్లాడుతున్నట్టుంది. ఈ మనిషి సెలవు తన చేతుల మీద ఆనుకుని ఉంది. తను పక్కకి జరిగితే పడేది మగవాళ్ళు కాదు, ఈవిడే. అత్తగారి అరుగుదల మాట అటుంచితే, భర్త ఒక ముద్ద తక్కువ తిని గొణుగుతాడు, అంతే. చిన్నమ్మాయి మటుకు, వదిన వండకపోతే నువ్వు వండు అనిపించుకుంటుంది.

"చిన్నమ్మాయ్, అసలు వంటగదే లేకపోతే?" అంది.

అటువైపు ఎవరో పిల్ల అమ్మా అని పిలవడం, ఈవిడ ఉష్ అనడం వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి, "అన్నయ్య ఊరుకుంటాడా?" అంది.

"ఊరుకోకపోతే ఏం చేస్తాడు? వంటగది కట్టిస్తాడా?"

చిన్నమ్మాయి పక్కున నవ్వి, వెంటనే ఆపుకుంది. "నా పేరు మాత్రం ఎత్తకు వదినా," అని పెట్టేసింది.

ఆమె ఆకుపచ్చ అద్దం ఉన్న ఫోటోని ఇంకోసారి చూసి మూసేసింది. అదే పేటలో, రెండు వీధుల అవతల, మామూలు హోటలొకటి దొరికింది. మూడు గదులు. ఒక్కో గదిలో మంచాలు, కుర్చీ, కిటికీ. టీ కాచుకునే కెటిల్ కూడా గదిలో ఉండదు, కావాలంటే కిందికి చెప్పాలి అని రాసి ఉంది. ఆ వాక్యాన్ని ఆమె రెండుసార్లు చదువుకుంది, చల్లటి నీళ్ళు తాగినట్టు. తన జీతం పడే బ్యాంకు కార్డు తీసి డబ్బు కట్టేసింది. హెడ్ క్లర్కు క్యారేజీ కడుక్కుని వస్తూ, ఏంటి మేడమ్, మీలో మీరే నవ్వుకుంటున్నారు అన్నాడు.

దీపాలు పెట్టేవేళకి అందరూ ముందు గదిలో ఉన్నారు. ఆమె టీలు అందించి, తన కప్పు పట్టుకుని కూర్చుంది. రోజూ అలా కూర్చోదు, నిలబడే తాగేస్తుంది. ఇల్లు ఖాయమైందా అని భర్త అడిగాడు. హోటల్లో గదులు తీసుకున్నానని చెప్పింది.

"మరి వంటగది?"

"లేదు."

అత్తగారు కప్పు కింద పెట్టింది. "లేకపోతే మేమేం తినాలమ్మా?"

"నేను తినేదే, అత్తయ్యా. ఆ వీధిలో మెత్తటి అన్నం, కారం లేని కూర పెట్టేవాళ్ళున్నారు. ఇందాకే ఫోన్ చేసి అడిగాను."

"అక్కడున్నన్నాళ్ళూ నీకు వండిపెట్టిందెవరు మరి?" అంది అత్తగారు, ఎత్తిపొడుపో, తెలుసుకోవాలనో తెలియని గొంతుతో.

"ఎవరో, అత్తయ్యా. జీతం తీసుకుని."

కూతురు ఫోనులోంచి తలెత్తింది. టీవీలో ఎవరో పాడుతూనే ఉన్నారు. అత్తగారు చాలాసేపు కోడలి మొహంలోకి చూసింది. ఆవిడ ఎన్ని ఊళ్ళ వంటిళ్ళు చూసిందో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. చివరికి, "లిఫ్టు ఉందా?" అంది. ఉందంది ఆమె. "ఉంటే సరే," అని అత్తగారు మళ్ళీ కప్పు అందుకుంది.

"ఒక రోజు పొద్దున్న నేను ఒక్కదాన్నే బయటికి వెళ్తాను," అంది ఆమె. "ఎప్పుడొస్తానో చెప్పలేను. ఆకలేస్తే మీరు తినేయండి."

నేనూ రానా అని కూతురు అడిగింది. "నువ్వు నీ దారిన వెళ్ళు," అంది ఆమె, మృదువుగానే.

భర్త రిమోట్ తీసి టీవీ ఆపాడు. అతని మొహంలో కోపం కంటే నొప్పి ఎక్కువ కనిపించింది. తన మనిషి తనకి తెలియని గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంటే కలిగే నొప్పి. ఆమెకి జాలేసింది. జాలేసినప్పుడల్లా ఇన్నాళ్ళూ లేచి ఏదో ఒకటి చేసిపెట్టేది. ఈసారి లేవలేదు.

"నాతో ముందొక మాట చెప్పొచ్చుగా," అన్నాడతను.

ఆమె టీ చివరి గుక్క దాకా నిదానంగా తాగింది.

"ముందు చెబితే అడిగినట్టవుతుంది," అంది. "అందుకని కట్టేశాక చెబుతున్నాను."