నలుచదరంగా కాలిన గడ్డి

బట్టలు వాషింగ్ మెషీన్లో వేసే ముందు భర్త ప్యాంటు అంచుల్లో దిగబడిన గడ్డిముళ్ళను ఒక్కొక్కటే పీకడం అర్చన పని. కిరణ్ ప్లాట్ల వ్యాపారి. హిందూపురం దాటాక వాళ్ళ సొంతూరు. పని మీద తరచూ అక్కడికి వెళ్ళి వస్తాడు. ఒకసారి ముల్లు ఒకటి మిగిలిపోయి పిక్కకు గీరుకుంటే, “కంప్యూటర్లో గడ్డి కనపడతాది గానీ మొగుని ప్యాంట్లో కనపడదా?” అని అరిచాడు. అప్పటినుంచి అది ఆమె పనైపోయింది.

కంప్యూటర్లో గడ్డి చూడటమే ఆమె ఉద్యోగం. మహదేవపురలో ఆఫీసు. దేశంలో గడ్డినేలలు ఏయే ఏడు ఎంతెంత కాలాయో ఉపగ్రహ చిత్రాల్లో కొలుస్తుంది. ఇరవై ఏళ్ళ చిత్రాలు. కాలిన చోటు నల్లగా తేలుతుంది, వానలకు మళ్ళీ పచ్చబడుతుంది. ఆమె కొలిచిన మేరకు ఆ నలుపు ఏటికేడు తగ్గుతూ వస్తోంది. మేనేజరు సురేశ్ “మంటలు తగ్గాయి, మంచిదేగా” అని సంబరపడితే, “తగ్గింది గడ్డి సార్. దున్నేసిన చోట, ఇళ్ళు లేచిన చోట కాలడానికేం మిగిలింది?” అంది. ఆ మాటే డెహ్రాడూన్ సభలో చెప్పి రమ్మని ఆయన ఆమెకు టికెట్టు తీయించాడు.

ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు కిరణ్ ఆమె ఫోన్ తీసి సురేశ్‌తో మాట్లాడాడు. “ఆమెకు ఒంట్లో బాగలేదు సార్, ఇంకెవర్నైనా పంపండి.” తడి తలతో బయటికొచ్చిన అర్చనకు ఆ ముక్క వినపడింది. “మా మామోళ్ళు వస్తా ఉండారు కదా. అమ్మొక్కతే చేయగలదా?” అన్నాడు, ఉప్పు అందించమన్నంత తేలిగ్గా. అత్త సరోజమ్మ వంటింట్లోంచే తీర్పు చెప్పింది: “బూడిద చూపించేదానికి అంత దూరం పోవల్నా? ఎవురు చూపించినా బూడిదే.” సభ జరిగిన రోజు అర్చన ఇంటినిండా చుట్టాలకు ఒబ్బట్లు చేసింది. ఏడవలేదు. ఏడవలేదు కాబట్టి మరిచిపోయిందనుకున్నారు.

ఆ ఏడు ఎండలు ముదిరాక హనుమక్క వచ్చింది. కిరణ్ వాళ్ళ ఊరి గొర్రెలకాపరి. గొర్రెలు పోయి, మారతహళ్ళిలో కట్టడం పనికి దిగింది. మోచేతులదాకా కాలిన చర్మం ముడతలు పడి మెరుస్తోంది. కిరణ్ ఆమెను గడప దగ్గరే కూర్చోబెట్టాడు.

“శివరాత్రి మర్నాడప్పా. గుట్ట నాలుగు పక్కలా ఒకేసారి అంటుకున్యాది. గొర్రెపిల్లల్ని లాక్కొచ్చేదానికి పోతి. చేతికందినేటివి ఎత్తుకోని వస్తి, మిగిలినేటివి ఆడే అరిసి అరిసి ఊరకుండిపోయె.”

“ఎవుడో బీడీ తాగి పారేసింటాడక్కా,” అన్నాడు కిరణ్. “ఊర్లో ఇంకేముండాది, ఈడే పని చూసుకో.”

లోపల అన్నం వడ్డిస్తున్న అర్చన చెయ్యి ఆగింది. శివరాత్రి జాగారానికని ఊరెళ్ళి, మర్నాటి సాయంత్రం ఇల్లు చేరిన కిరణ్ ఒంటినిండా ఉన్న పొగ వాసన గుర్తొచ్చింది. అడిగితే నెగడు దగ్గర కూర్చున్నానన్నాడు.

మర్నాడు ఆఫీసులో ఆ గుట్ట చిత్రాలు తీసింది. దేశమంతా మంట తగ్గుతుంటే అక్కడ మాత్రం పెరుగుతోంది. మామూలుగా మంట గాలి తోసినట్టు పోతుంది, అంచులు చిందరవందరగా ఉంటాయి. ఇక్కడి నలుపు నలుచదరంగా ఉంది. చుట్టూ ముందే గడ్డి కోసి పెడితే తప్ప మంట అలా ఆగదు. ఏటా ఒక చదరం. మరుసటేటి చిత్రంలో అదే చదరంలో మట్టిరోడ్డు, హద్దురాళ్ళు. ఊరంతా మేపుకునే ప్రభుత్వ భూమి అది. గొర్రెలు రాకుండా చేస్తే బీడు, బీడైతే ప్లాట్లు.

భయం వేస్తుందేమోనని చూసుకుంది. వేయలేదు. ఆకలి లాంటిదేదో పుట్టింది. ఇది న్యాయం కోసమేనని తనకు తాను చెప్పుకోబోయి ఆగింది. హనుమక్క చేతుల కోసమైతే న్యాయమే. డెహ్రాడూన్ కోసమైతే పగ. రెండూ ఒకే బస్సెక్కుతుంటే దింపేయడం దేనికి?

సురేశ్‌ను ఆ చిత్రాలు అటవీశాఖకు ఇవ్వడానికి అనుమతి అడిగింది. “మీవారి ఊరు కదమ్మా?” అన్నాడాయన.

“అందుకే సార్, నాకు బాగా తెలుసు.”

ఇంట్లో ఆఫీసని చెప్పి, హనుమక్కను వెంటబెట్టుకుని హిందూపురం అటవీశాఖ ఆఫీసుకు వెళ్ళింది. హనుమక్క ఫిర్యాదు చేసింది. అర్చన చిత్రాలు చూపించి, అక్కడ ప్లాట్లు వేస్తున్నది ఎవరో చెప్పింది. తను ఎవరి భార్యో మాత్రం చెప్పలేదు.

విచారణకు రమ్మని కబురొచ్చిన ఆదివారం కిరణ్‌కు సంగటి మింగుడు పడలేదు. “ఎవుడో నాకొడుకు పైనుంచి తీసిన ఫోటోలిచ్చినాడంట!”

“వాని చేతులు పడిపోను,” అంది సరోజమ్మ.

“ఇంకో ముద్ద వేయనా?” అని అడిగింది అర్చన. వేసి, పైన నెయ్యి కూడా పోసింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆ పూట తన అన్నం తనకు రుచిగా అనిపించింది.

చేయి కడుక్కొచ్చి కిరణ్ ఆమె పక్కనే కూర్చున్నాడు. గొంతు మెత్తబడింది. “శివరాత్రికీ మర్నాడూ నేను ఈడే, ఇంట్లోనే ఉన్న్యానని నువ్వొచ్చి చెప్పల్ల అర్చనా. భార్య మాటకు విలువుంటాదని లాయర్ భుజంగరావు చెప్పినాడు.”

“నా మాట నమ్మరంట, తల్లిని కదా,” అంది సరోజమ్మ. “నువ్వు చదువుకున్నదానివి.”

పెళ్ళయిన ఇన్నేళ్ళకు తన మాటకు విలువుందని ఆ ఇంట్లో మొదటిసారి విన్నది. “సరే, వస్తాను,” అంది.

బయల్దేరేప్పుడు కిరణ్ కారు తలుపు తనే తీశాడు. దారిలో ఆపి కనకాంబరాలు కొన్నాడు. “అడిగిందానికే జవాబు చెప్పు, ఎక్కువ మాట్లాడొద్దు,” అని రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు. ఆమె రెండుసార్లూ బుద్ధిగా అప్పజెప్పింది.

ఆఫీసు బెంచీ మీద హనుమక్క కూర్చుని ఉంది. ఇద్దరినీ కలిపి చూసి బెంచీ చివరికి జరిగింది. కిరణ్ చేతులు జోడించి, “సార్, మా మిసెస్...” అని మొదలుపెట్టేలోపే అధికారి కుర్చీలోంచి లేచాడు.

“రండి మేడమ్, మళ్ళీ మీరే రావలసి వచ్చిందా?”

“మళ్ళీనా?” అన్నాడు కిరణ్. ముందు అధికారి వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు. అర్థమవుతున్న కొద్దీ అతని మొహంలో రంగు దిగిపోవడం ఆమె తీరిగ్గా, తల తిప్పుకోకుండా చూసింది.

“ఈయన మీకేమవుతారు మేడమ్?”

“మా ఆయన సార్,” అంది అర్చన, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. ఇన్నేళ్ళూ ‘ఆయన వచ్చారు, ఆయన అన్నారు’ అని తిరిగిన నాలుక తర్వాతి మాటలో ఆ మర్యాదను అవతల పెట్టింది. “శివరాత్రికీ మర్నాడూ సొంతూర్లోనే ఉన్నాడు. ఇంట్లో ఉన్నాడని అబద్ధం చెప్పమని నన్ను తీసుకొచ్చాడు.”