మా సందుకు తెలియని మనిషి

డెబ్భై నాలుగులో కొన్నాళ్లు నేను లేను. బతికే ఉన్నాను, మూడు పూటలా తింటూనే ఉన్నాను. సర్కారు దృష్టిలో మాత్రం లేను.

హార్బరు దగ్గరి సర్కారు గోడౌన్లలో కాపలా ఉద్యోగానికి నన్ను ఎంపిక చేశారు. పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. నెల తిరక్కుండానే జవాబొచ్చింది. సన్యాసిరాజు అనే మనిషి ఆ చిరునామాలో ఎవరికీ తెలియదు, కనుక ఉద్యోగానికి తగడు. కాదంటే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

పూర్ణా మార్కెట్ వెనక సందులో పుట్టి, అక్కడే మీసాలు మొలిచినవాణ్ణి! ఒళ్లు మండిపోయి పక్కింటి వరహాలమ్మత్తను నిలదీశాను.

"పోలీసోడొచ్చి నీ గురించి అడిగినాడ్రా. ఎవుడో మాకు తెల్దు బాబూ అనీసినాను. మనోణ్ని పోలీసులకి సూపిత్తామేటి?" అంది, నన్ను గండం గట్టెక్కించిన మొహంతో.

సందంతా అదే మాట చెప్పిందట. ఏం ప్రేమలో ఏమో, ఆ ప్రేమకు నా ఉద్యోగం గోవిందా.

"నువ్వైనా చెప్పలేకపోయావా అమ్మా?" అన్నాను ఇంటికొచ్చి.

అమ్మ పొయ్యి వైపు తిరిగిపోయింది. "నానూ తెల్దనే అన్నాను" అంది.

అప్పీలు పెట్టాక రోజూ పొద్దున్నే సముద్రం ఒడ్డుకి పోయేవాణ్ణి. మా నాన్న నా చిన్నప్పుడే ఓడెక్కి వెళ్లిపోయాడని అమ్మ చెప్పేది. అందుకే ఓడ కనిపిస్తే నిలబడిపోవడం నాకు అలవాటు. మంచులో ఓడలు నీళ్ల మీద కాక గాలిలో ఆగినట్టుండేవి. ఎవరూ నన్ను పలకరించేవారు కాదు. ఇసుకలో నా అడుగుల్ని అల తుడిచేస్తుంటే, కానిస్టేబులు సముద్రాన్ని కూడా నా గురించి అడిగి వెళ్లాడేమో అనిపించేది. ఒక్కోసారి నాకే నా మీద అనుమానం వచ్చేది.

అప్పీలు విచారణకు అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. పై అధికారి గురునాథరావుగారు కళ్లద్దాలు సవరించుకుని అడిగారు.

"ఇతను మీ అబ్బాయేనా అమ్మా?"

తలుపు దగ్గర నిలబడ్డ ఖాకీ బట్టల జవానునే చూస్తోంది అమ్మ. ఇక్కడా తెలియదంటే ఇక నాకు దిక్కు లేదు.

"సెప్పను బాబూ" అంది చివరికి. "ఈడి నాన్న గురించీ పోలీసులు ఇలాగే అడిగినారు. హార్బర్లో సమ్మె రోజులు. పెరట్లో తొంగున్నాడని నానే సూపించీసినాను. తీసుకెల్లినారు. మరి రాలేదు."

ఇన్నేళ్లూ నేను చూసిన ఓడలన్నీ ఒక్కసారిగా ఖాళీ అయిపోయాయి.

గురునాథరావుగారు జవానును బయటికి పంపేశారు. తానే లేచి అమ్మకు కుర్చీ జరిపారు. "ఇతన్ని ఎవరూ తీసుకెళ్లరమ్మా. ఉద్యోగం ఇవ్వడానికే అడుగుతున్నాను."

అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నా కొడుకే. సన్యాసి. నానే కన్నాను" అంది. బస్సెక్కి ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఉద్యోగం వచ్చింది. ఖాకీ ఇచ్చిన రోజు, అమ్మకు చూపిద్దామని ఆ బట్టలతోనే పరుగున ఇంటికొచ్చాను. మునిమాపు వేళ, ఇంకా దీపం పెట్టలేదు. గుమ్మంలో నిలబడ్డాను. నేను నోరు తెరిచేలోపే అమ్మ లేచి, గుమ్మానికి అడ్డంగా చేతులు చాపింది.

"సన్యాసి ఇక్కడ లేడు బాబూ. ఆడెవుడో మాకు తెల్దు."

టోపీ తీసి, ఆ చేతుల్లో తల పెట్టుకుని ఏడ్చేశాను.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఖాకీ గోడౌన్లోనే విప్పేసి, లుంగీ కట్టుకుని ఇంటికొచ్చాను.